పదిహేడో గడి

నేను ఒక నోటుపుస్తకాన్ని. అలా అనగానే బడిపిల్లల సంచిలో ఉండే గీతల పుస్తకం మీ కళ్లముందుకు వస్తే తప్పు మీది కాదు, మా జాతిలో ఎక్కువమంది అలాంటివాళ్లే. నాలో గీతల్లేవు. మిగతా పుస్తకాలు నిలువుగా పెరిగితే నేను అడ్డంగా పెరిగాను. వరంగల్‌లో క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సులో కోతకు పోగా మిగిలిన దళసరి కాగితాన్ని యాకూబ్ సాబ్ అనే బైండరు మూట కట్టి తెచ్చుకుని, ఒక వానాకాలపు పగలంతా కూర్చుని నన్ను కుట్టాడు. మైదా జిగురు, వీపుకు ఎర్రగుడ్డ, పైన నల్లట్ట, లోపల నూట ఇరవై ఆకులు. క్యాలెండరు కాగితంగానే ఉండిపోతే ఏడాది తిరిగేసరికి నా బతుకు తీరిపోయేది. మిగులు కాగితాన్ని కాబట్టి ఇన్నాళ్లున్నాను.

నన్ను చేయించుకున్నవాడు సూర్యం అనే బోర్డు ఆర్టిస్టు. దుకాణాల మీద పేర్లు రాసేవాడు. రంగు ముట్టుకునే ముందు ప్రతి అక్షరాన్నీ నాలో పెన్సిలుతో గీసి చూసుకునేవాడు. 'శ్రీ' వంపు కుదరక ఒకసారి మూడు పేజీలు ఖర్చుపెట్టాడు. అమ్మే సరుకు పేరు చిన్నదిగా ఉన్నా ఫర్వాలేదు, తమ పేరు మాత్రం రోడ్డు అవతలికి కనబడాలని దుకాణదారులందరూ అడిగేవారు. అలా పదకొండు పేజీలు నిండాయి. అంతలో ఊళ్లోకి ఫ్లెక్సీలు వచ్చాయి. పదకొండో పేజీలో 'ప్రొప్రయిటర్' అన్న మాట సగంలోనే ఆగిపోయింది. కాలేజీ పోస్టర్ల కోసం అక్షరాలు నేర్చుకోవడానికి తన దగ్గరికి వచ్చే అమ్మాయి చేతిలో నన్ను పెట్టి, "నేను రాసుడు అయిపోయింది బిడ్డా. నువ్వు ఏమన్న గీస్కో" అన్నాడు సూర్యం.

ఆ అమ్మాయి పేరు నవనీత. నేను చెప్పేది ఆమె సంగతీ, ఆమె అమ్మానాన్నల సంగతీ.

నవనీత తండ్రి కొలిపాక వీరభద్రం దర్జీ. మట్టెవాడలో ఇంటి ముందుగదే ఆయన దుకాణం. వీధివైపు కుట్టుమిషను, గోడవారగా బట్ట కత్తిరించే పొడుగాటి బల్ల, వెనకవైపు ఒక పరదా, ఆ పరదా వెనక వాళ్ల సంసారం. తల్లి సుగుణ జాకెట్లకు హుక్కులు కుట్టి, అంచులు మడిచి ఇచ్చేది. నవనీత అన్న విజేందర్ మూడేళ్ల కిందట, ఇరవై రెండేళ్ల వయసులో, బండిమీద పోతుండగా లారీ తగిలి చనిపోయాడు. అప్పుడు నవనీత హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. సాయంత్రానికి ఆమె ఇల్లు చేరేసరికి అన్నను వాకిట్లో పడుకోబెట్టారు. "దోస్తుల దగ్గరికని పోయిండు" అని తండ్రి చెప్పాడు. అంతకుమించి ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. వీరభద్రం షర్టులు కుట్టడం మానేశాడు. పెళ్లిబట్టలు తెస్తే చేతులు జోడించి తిప్పి పంపేవాడు. కుట్టిన బట్ట ఇంటికి పంపమని ఎవరైనా అడిగితే, "మీరే వచ్చి తీస్కపోండి" అనేవాడు. బేరం పోగొట్టుకుంటున్నాడని చుట్టుపక్కల దుకాణాలవాళ్లు జాలిపడ్డారు. మనుషులు ఎదుటివాడి మతి పోయిందని అనుకోవడానికి తీసుకునే సమయం చాలా తక్కువ.

నేను నవనీత చేతికి వచ్చేసరికి ఆమెకు ఇరవై రెండు నిండాయి. అన్న ఆగిపోయిన వయసుకు చేరుకుంది. హనుమకొండలో ఒక కాలేజీలో సినిమా కోర్సు రెండో ఏడు చదువుతోంది. చదువు ముగిసేలోగా ప్రతివాళ్లూ పది నిమిషాల సినిమా ఒకటి తీసి చూపించాలి. ఆమె తన ఇంటినే కథగా ఎంచుకుంది. కొడుకు పోయిన ఒక దర్జీ ఇల్లు. పేరు 'కొలతలు'.

సినిమా తీసేముందు ప్రతి షాటూ ఎలా కనబడాలో గడులు గీసి, గడికొక బొమ్మ వేసుకుంటారు. దాన్ని స్టోరీబోర్డు అంటారు. నవనీత నా పేజీకి నాలుగు గడుల చొప్పున గీసి, వాటికి అంకెలు వేసింది. ప్రతి పాత్రా మొదటిసారి ఎలా కంటబడాలి, ఒక దృశ్యంలోంచి ఇంకో దృశ్యంలోకి ఎలా దాటాలి అనే రెండు ప్రశ్నల దగ్గరే ఆమె రోజుల తరబడి ఆగిపోయేది. తెరమీద అరక్షణం ఉండే దానికోసం మనుషులు అరపూట వాదించుకుంటారని నాకు అప్పుడే తెలిసింది.

మొదట అన్నను గోడమీద దండవేసిన ఫొటోతో పరిచయం చేసింది. వాళ్లకు పాఠం చెప్పే మార్గరెట్ మేడం ఆ గడిని వేలితో మూసేసింది.

"దండ చూపించినవంటే వాడు పోయిండని చెప్పేసినవ్. ఇంకా వాడెవరో తెలుసుకోవాలని చూసేవాళ్లకు ఎందుకు అనిపిస్తది?"

నవనీత ఆ గడి కొట్టేసి మళ్లీ గీసింది. ఈసారి ముందు బూట్లు, తర్వాత బండి కిక్కు కొట్టే కాలు, అద్దంలో దువ్వుకుంటున్న జుట్టు, చివరికి ముఖం. ఆమె క్లాస్‌మేట్ ఫరీద్ ఆ సినిమాకు కెమెరా పట్టబోతున్నవాడు. చూసి నవ్వాడు. "ఇది మీ అన్న వచ్చుడా, హీరో వచ్చుడా? విజిల్ నేనే వేయాల్నా?" నవనీత కూడా నవ్వింది. కానీ ఇంటికి పోయాక ఆ పేజీని చాలాసేపు చూస్తూ కూర్చుంది. అన్న ఎలా వచ్చేవాడో తనకే సరిగ్గా గుర్తులేదన్న భయం ఆమె పెన్సిలు పట్టుకున్న తీరులో నాకు తెలిసింది.

ఇక దాటింపుల సంగతి. ఆమె గీసిన ఐదో పేజీలో, పదిహేడో గడిలో, అన్న బండెక్కి వీధిలోంచి వెళ్లిపోతాడు. పద్దెనిమిదిలో తిరుగుతున్న బండి చక్రం తెరనిండా ఉంటుంది. పంతొమ్మిదిలో అదే చోట, అదే కొలతలో, తండ్రి కుట్టుమిషను చక్రం తిరుగుతూ ఉంటుంది. ఒక చక్రం మీద కట్ చేస్తే ఇంకో చక్రం. అంతలోనే మూడేళ్లు గడిచిపోతాయి. ఫరీద్ ఆ పేజీ చూసి గంతేశాడు. ఒక్క ఆ కట్ కోసమే సినిమా తీయవచ్చన్నాడు. మార్గరెట్ మేడం మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"చాలా అందంగా ఉంది నవనీతా. అందంగా ఉందనే నాకు భయం. ఈ రెండు చక్రాల నడుమ ఏం జరిగింది?"

"అన్న చనిపోయిండు మేడం."

"అది నాకు తెలుసు. ఆ ఇంట్లో ఏం జరిగింది?"

నవనీత నన్ను మూసి సంచిలో పెట్టుకుంది.

ఆ వచ్చే ఆదివారం మధ్యాహ్నం నవనీత నన్ను బట్ట కత్తిరించే బల్లమీద తెరిచి ఉంచి, రబ్బరు అరిగిపోయిందని కొత్తది కొనడానికి వీధి చివరికి వెళ్లింది. కరెంటు లేదు. వీరభద్రం లంగా గుడ్డ ఒకటి పరచడానికి వచ్చి నన్ను పక్కకు జరపబోయి ఆగాడు. ఆయనకు అంకెలు తప్ప అక్షరాలు సరిగ్గా రావు. బొమ్మలు చూడటానికి అక్షరాలు అక్కర్లేదు. గుడ్డ కింద పెట్టి, కళ్లజోడు తెచ్చుకుని, మొదటి గడి నుంచి చూడటం మొదలుపెట్టాడు. పాత చొక్కా ఒకటి నమూనాకు ఇస్తే దాని కుట్లన్నీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో దర్జీ చూసినట్టు చూశాడు. పేజీ తిప్పేముందు ప్రతిసారీ వేలు పంచెకు తుడుచుకున్నాడు.

పదిహేడో గడి దగ్గర ఆయన వేలు నిలిచిపోయింది. బండిమీద కొడుకు. రెండు చేతులూ హ్యాండిల్ మీద. హ్యాండిల్‌కు ఏమీ లేదు.

చెవిమీద ఉన్న పెన్సిలు తీశాడు. మొద్దుబారిన నీలి పెన్సిలు అది, బట్టమీద గుర్తులు పెట్టేది. హ్యాండిల్‌కు వేలాడుతూ ఒక సంచి గీశాడు. గీత మందంగా పడింది. తాను చేసిన పని తనకే అర్థమైనట్టు ఉలిక్కిపడి, బొటనవేలితో చెరిపేయబోయాడు. చెరగలేదు, నీలంగా అలుక్కుంది. అప్పుడే నవనీత లోపలికి వచ్చింది.

"ఏం చేస్తున్నవ్ బాపు?"

దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాడిలా నిలబడ్డాడు వీరభద్రం. ఆ గడిమీద వేలు పెట్టాడు.

"గిది తప్పు బిడ్డా. వాడు ఉత్తచేతుల తోటి పోలే. సంచి ఉండె."

"ఏం సంచి?"

"జాకెట్ల సంచి. కరీమాబాద్ పెండ్లోళ్లయి. పదకొండు జాకెట్లు. నేనే ఇచ్చి పంపిన."

"దోస్తుల దగ్గరికి పోయిండని చెప్పినవ్ కదా?"

"నేనే గట్ల చెప్పిన. అందరికి గదే చెప్పిన. మీ అమ్మకు గూడ." ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. మాటలు మెల్లగా, ఎక్కడివో లాగినట్టు వచ్చాయి. "పెండ్లోళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నరు. వాడు అప్పుడే కంచం ముందట కూసున్నడు. 'ఎండ తగ్గినంక పోత బాపు' అన్నడు. నేను ఇనలే. 'తిండికి తప్ప పనికి లేవవురా' అన్న. కంచం జరిపి లేసిండు. గంతే బిడ్డా. నేను వాన్ని అన్న ఆఖరి మాట గదే."

నవనీత కదలలేదు. పరదా కదిలింది. సుగుణ చేటతో బియ్యం పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"నాకు ఎర్కనే" అంది.

వీరభద్రం తలెత్తాడు.

"నేను వంటింట్లనే ఉంటిని. నువ్వన్నది విన్న. 'తిని పోతడు, జెరసేపు ఆగు' అని నేను ఒక్క మాట అంటే అయిపోవు. అనలే. నీ కోపం సల్లారనీ అని ఊకున్న." ఆమె చేటను నేలమీద పెట్టి, దాని పక్కనే కూర్చుంది. "ఆస్పత్రిల ఆ సంచి నా చేతికే ఇచ్చిన్రు."

"సంచి పోయిందనుకున్న..."

"పోలే. ఇంటికి తెచ్చి బియ్యం డబ్బా ఎనక పెట్టిన. బూడిద కలపనీకి మీరందరు కాళేశ్వరం పోయిన్నాడు బయటికి తీసిన. రెండిటికి మరక వట్టింది. ఉప్పునీళ్లల్ల నానవెట్టిన. ఒకదానికి పోయింది, ఇంకోదానికి పోలే. నీ బల్ల కింద అదే గుడ్డ ముక్క మిగిలి ఉండె. నువ్వు రాసుకున్న కొలతలు సూసి నేనే చేత్తోటి కుట్టిన. అన్నీ ఇస్త్రీ చేసి, నడుచుకుంట పోయి ఇచ్చొచ్చిన."

"నువ్వా?" వీరభద్రం ఆమె వైపు తిరిగాడు. "చావు జరిగిన ఇంట్ల నుంచి పెండ్లింటికి పోయినవా?"

"లోపటికి పోలే. మైలల ఉన్న, గడప ఎక్కనని చెప్పి బయటనే ఇచ్చిన. ఎవలు పోయిన్రని ఆ ఇల్లామె అడిగింది. చెప్పలే. పెండ్లి పూట ఎందుకు ఆమెకు." సుగుణ చేటలో బియ్యం వేళ్లతో కదిపింది. "వాడు మొదలువెట్టిన పని. సగంల ఆగద్దు అనిపిచ్చింది."

మూడేళ్లుగా ఆ పెళ్లివాళ్లు జాకెట్ల సంగతి అడగకపోవడానికి తనమీద జాలే కారణమని వీరభద్రం అనుకున్నాడు. ఆ జాలికి భయపడే పెళ్లిబట్టలు ముట్టుకోవడం మానేశాడు. ఇప్పుడు ఆయన చేతులు మోకాళ్లమీద పెట్టుకుని తల వంచాడు. ఏడుపు శబ్దం రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. సుగుణ లేచి ఆయన దగ్గరికి పోలేదు. బల్లకు ఆ పక్కన ఆయన, ఈ పక్కన ఆమె, నడుమ తెరిచిన పుస్తకంగా నేను. ఒకే పైకప్పు కింద ఇద్దరు మనుషులు ఒకే బరువును చెరొక మూలకు దాచుకుని మూడేళ్లు బతకగలరని నేను ఊహించి ఉండను. నేను కాగితాన్ని. నామీద పడింది అందరికీ కనబడుతుంది.

ఆ తర్వాత రెండు వారాలు నవనీత నన్ను తెరవలేదు. ఫరీద్ వచ్చి అడిగితే తలనొప్పి అంది. చివరికి మార్గరెట్ మేడం పిలిచి కూర్చోబెడితే, జరిగింది చెప్పి, "ఇది తీస్తే నేను వాళ్లను అమ్ముకున్నట్టయితది మేడం. తీయకుంటే నేను గీసిందంతా అబద్ధం" అంది.

"నీలో నువ్వే తేల్చుకునే సంగతి కాదిది" అంది మేడం. "పోయి వాళ్లను అడుగు. వద్దంటే వద్దు. ఇంకో కథ చేద్దాం."

నవనీత అడిగింది. సుగుణ భర్త ముఖం చూసింది. వీరభద్రం మిషనుకు నూనె వేస్తున్నాడు. నూనెడబ్బా పక్కన పెట్టి, "తియ్యి" అన్నాడు. "కాని సక్కగ తియ్యి. ఆ బొమ్మల పుస్తకం ఇటు తే."

అలా ఒక నెల రోజులు, మధ్యాహ్నం పని తెరిపిచ్చిన వేళల్లో, ఆ ముగ్గురూ నా చుట్టూ కూర్చున్నారు. కొన్నిసార్లు ఫరీద్ కూడా వచ్చేవాడు. ఆ నెల నా బతుకులో మంచికాలం. విజేందర్ పేరు ఆ ఇంట్లో మళ్లీ మామూలుగా వినబడటం మొదలైంది.

"అన్న మొదట ఎట్ల కనవడాలె బాపు?"

"మొదట కనవడద్దు" అన్నాడు వీరభద్రం వెంటనే. "వాడు పిల్వంగనే వచ్చెటోడా? 'విజ్జిగా' అని నేను ఒకసారి పిలుస్త. రాడు. మళ్ల పిలుస్త. సప్పుడుండదు. మూడోసారి గట్టిగ పిలిస్తే లోపట్నుంచి 'ఆఁ' అంటడు. ఆ 'ఆఁ'లనే ఉంటడు వాడు."

నవనీత కళ్లు పెద్దవయ్యాయి. ఆమెకు గుర్తొచ్చింది. ముక్కులోంచి సాగదీసి, విసుగూ బద్ధకమూ ప్రేమా కలిపి అనే ఆ 'ఆఁ'. పాత గడులన్నీ కొట్టేసి, ఒక గడిలో ఖాళీ పరదా గీసింది. మూడు పిలుపులు, ఎవరూ లేని పరదా, అప్పుడు గొంతు. ముఖం ఆ తర్వాతెప్పుడో.

తండ్రిని ఎలా పరిచయం చేయాలని అడిగితే సుగుణ చెప్పింది. "మీ బాపు నోట్ల గుండుసూదులు పెట్టుకోని ఉంటడు సూడు, గట్ల గియ్యి. అప్పుడు మాట్లాడరాదు ఆయనకు." ఆ మాటకు వీరభద్రం ముసిముసిగా నవ్వాడు. నేను ఆయన నవ్వు చూడటం అదే మొదలు.

తల్లి దగ్గరికి వచ్చేసరికి సుగుణ ఒప్పుకోలేదు. "నన్నెందుకే గియ్యుడు? ఎనక ఎక్కడన్న కూసోని హుక్కులు కుడుతున్నట్టు వెయ్యి, అయిపోతది."

"సంచి వట్టుకోని నడుస్తున్నట్టు వెయ్యి" అన్నాడు వీరభద్రం. గొంతులో ఎగతాళి లేదు. "ఆమెను సూసుడు అదే మొదలు కావాలె. మిషన్ కాడ వద్దు, వంటింట్ల వద్దు. నేను సూడలే కద బిడ్డా. ఆమె పోయింది, వచ్చింది. నేను ఇన్నేండ్లు పక్కనే ఉండి సూడలే. నాకు సూపియ్యి."

సుగుణ చేతిలోని జాకెట్ తిప్పి చూసుకుంది. కాదనలేదు.

చక్రం మీది కట్ దగ్గర ఫరీద్ చివరిదాకా పోరాడాడు. వీరభద్రం ఆ మూడు గడులూ చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఆ దినం నా మిషన్ తిరగలే. నలభై దినాలు తిరగలే. తిరిగినట్టు సూపిస్తే ఎట్ల?"

"అంకుల్, ఇది నిజంగా అని కాదు. ఒకదాంట్ల నుంచి ఇంకోదాంట్లకి పోవుడు మెత్తగ ఉండాలె కద, అందుకని."

"మెత్తగ ఎందుకుండాలె బాబు? పట్టుకు ముతకగుడ్డ జోడిస్తే కుట్టు దాయరాదు. దాస్తే ముడత వడ్తది. వాడు వీధి మలుపు తిరిగిండు. ఆ తర్వాత ఉప్పునీళ్ల బేసిన్. నడుమ ఏం పెట్టకు."

ఫరీద్ ఆ రోజు ముఖం ముడుచుకుని వెళ్లాడు. మర్నాడు వచ్చి, "అంకుల్ చెప్పిందే ఉంచు" అన్నాడు. చక్రాల గడులు రెండూ కొట్టేశారు. పదిహేడో గడి అలాగే ఉంచారు, నీలి సంచితో సహా. దాని పక్కన బేసిన్.

విజేందర్ వేషం క్రాంతి అనే క్లాస్‌మేట్ వేశాడు. వేరే పిల్లవాణ్ని కొడుకుగా చూడటం తండ్రికి కష్టమవుతుందేమోనని నవనీత జంకింది. వీరభద్రం మాత్రం ఆ అబ్బాయిని నిలబెట్టి టేపు తీసి కొలిచాడు. "భుజం వాని కంటె అంగుళం తక్కువ" అని మాత్రం అన్నాడు. కొడుకు చొక్కా ఇవ్వలేదు. కొత్తది కుట్టాడు. మూడేళ్లలో ఆయన కుట్టిన మొదటి షర్టు అది.

షూటింగు నాలుగు రోజులు జరిగింది. చివరిరోజు సుగుణ నడక. ఆ వేషం ఆమే వేసింది. ముఖం కనబడుతుందా అని ముందే అడిగింది. నీ ఇష్టం అంది నవనీత. "కనవడనియ్యి" అంది సుగుణ. కరీమాబాద్‌లో అదే గల్లీ, కానీ అసలు పెళ్లి ఇల్లు కాదు. క్రాంతి మేనత్త ఇల్లు అదే వరుసలో ఉంటే, ఆ గడప దగ్గర సంచి ఇచ్చినట్టు తీయాలని అనుకున్నారు. నాలో గీసిన చివరి పేజీలో అలాగే ఉంది. తలుపు కొంచెం తెరుచుకుంటుంది, ఒక చెయ్యి సంచి అందుకుంటుంది, తల్లి వెనుదిరుగుతుంది, నడిచి గల్లీ మలుపులో కనుమరుగవుతుంది.

నవనీత నన్ను గుండెకు ఆనించుకుని ఫరీద్ వెనకే నడిచింది. సుగుణ చేత్తో సంచి పట్టుకుని నడుస్తోంది. ఎండ తీవ్రంగా ఉంది. ఆమె క్రాంతి మేనత్త తలుపు దగ్గరికి వచ్చింది. ఆగలేదు. దాటిపోయింది. ఫరీద్ కెమెరా దించబోతే నవనీత అతని భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. సుగుణ ఇంకో నాలుగిళ్లు దాటి, నీలిరంగు గేటున్న ఒక ఇంటి ముందు నిలబడింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియనట్టు నిలబడింది.

అరుగుమీద మిరపకాయలు ఎండబోస్తున్న ఒక ఆడమనిషి తలెత్తి చూసింది. నడివయసు దాటిన మనిషి. కాసేపు సుగుణ ముఖాన్నీ, సంచినీ మార్చి మార్చి చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచి వచ్చింది.

"నువ్వు... మా బిడ్డ పెండ్లికి జాకెట్లు తెచ్చిన అక్కవు కదా?"

సుగుణ తల ఊపింది.

"పోయింది నీ కొడుకే అని మాకు పెండ్లయినంక తెలిసింది. నీ ఇంటికి వద్దామని రెండుసార్లు చౌరస్తా దాక వచ్చి మర్లిపోయిన. ఏమని రావాలె?" ఆమె గేటు బార్లా తెరిచింది. "ఆ దినం నువ్వు గడప ఎక్కనంటే నేను గూడ రమ్మనలే. పెండ్లిల్లని భయపడ్డ. ఇయ్యాల రా అక్కా. లోపటికి రా."

సుగుణ వెనక్కి తిరిగి చూడలేదు. కూతురు వెనకే ఉందని, కెమెరా తిరుగుతోందని ఆమెకు ఆ క్షణాన గుర్తుందని నేననుకోను. చెప్పులు విడిచి, గడప దాటి లోపలికి వెళ్లింది. గేటు తెరిచే ఉండిపోయింది. మిరపకాయల మీద ఎండ. లోపలినుంచి స్టీలు గ్లాసు చప్పుడు. నవనీత 'కట్' అనలేదు. ఫరీద్ తనంతట తను ఆపేదాకా కెమెరా ఆ తెరిచిన గేటునే చూస్తూ ఉంది.

ఆ ఇంటావిడ పేరు రాజమణి. సినిమాలో ఆమె ముఖం, ఆమె మాట ఉంచుకోవచ్చా అని నవనీత మర్నాడు మళ్లీ వెళ్లి అడిగి వచ్చింది. ఉంచుకొమ్మంది ఆమె.

సినిమాతోపాటు స్టోరీబోర్డు కూడా కాలేజీకి అప్పగించాలి. నా చివరి పేజీలో ఉన్న నాలుగు గడులకూ, తెరమీద ఉన్నదానికీ పొంతన లేదని మార్గరెట్ మేడం గమనించింది. ఆ నాలుగూ కొట్టేసి తీసినట్టుగా కొత్తవి గీసి ఇమ్మంది. అందరూ అలాగే చేస్తారు. తీసిన తర్వాత గీసి, ముందే అనుకున్నామని చెబుతారు. మనుషులకు తమ జీవితాల విషయంలోనూ ఈ అలవాటుంది.

"గీయను మేడం" అంది నవనీత. "ఇది మేం అనుకున్నది కాదు. వాళ్లు ఇచ్చిన్రు."

ఆ నాలుగు గడులూ కొట్టేయకుండా, కొత్తవి వేయకుండా, నేను అలాగే కాలేజీ బీరువాలోకి చేరాను. ఇప్పుడు అక్కడే ఉన్నాను. నాపైన ఇంకో రెండు పుస్తకాలున్నాయి. కొత్తగా చేరిన పిల్లలకు చూపించడానికి ఏడాదికి ఒకటి రెండుసార్లు మేడం నన్ను బయటికి తీస్తుంది. మిగులు కాగితానికి ఇది తక్కువ చోటేమీ కాదు.

బీరువాలోకి వచ్చే ముందు రోజు జరిగింది చెప్పి ముగిస్తాను. మధ్యాహ్నం మూడింటికి కాలేజీ సెమినార్ హాల్లో, కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, పిల్లలు తీసిన సినిమాలన్నీ వేశారు. వీరభద్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. సుగుణ ఆయన పక్కన, నవనీత ఆమె పక్కన. నేను నవనీత ఒళ్లో ఉన్నాను. తెర నాకు కనబడదు, వినబడుతుంది.

మూడో పిలుపు తర్వాత 'ఆఁ' వినబడగానే వెనక వరుసల్లో పిల్లలు నవ్వారు. తమ ఇళ్లలోని గొంతులేవో వాళ్లకు గుర్తొచ్చి ఉంటాయి. వీరభద్రం కదలలేదు. బండి చప్పుడు వీధి మలుపులో సన్నగిల్లింది. అది ఆగిన మరుక్షణమే బేసిన్‌లో నీళ్ల చప్పుడు. నవ్వులు ఆగిపోయాయి. ఆ తర్వాత అడుగుల శబ్దం మొదలైంది. సుగుణ నడక. మాట లేదు, పాట లేదు, గల్లీలో చెప్పుల శబ్దం ఒక్కటే చాలాసేపు.

వీరభద్రం భార్యవైపు వంగాడు. పక్కనున్న నవనీతకూ, నాకూ మాత్రమే వినబడింది.

"గింత ఎండల పోయినవా?"

సుగుణ తెరమీది నుంచి చూపు తిప్పలేదు.

"లేదు" అంది. "ఆ దినం మబ్బు వట్టి ఉండె."